ముగింపు తెలిసిన వేట

వేగముగా సాగు గూఢచారి నవలను గురించి పాఠకుల నడిగినచో, మెచ్చుకొనువారు చెప్పు మాట సాధారణముగా ఒక్కటే: చేత బట్టిన పుస్తకమును ముగించువరకు క్రింద పెట్టలేకపోతిమని. మెచ్చనివారు చెప్పు మాటయు తరచు ఒక్కటే: చివర ఏమగునో ముందే తెలిసిపోయినదని. ఈ రెండు మాటలకును అడుగున ఒకే నమ్మకము కలదు. ఉత్కంఠ అనునది ముగింపును దాచిపెట్టుటవలన కలుగుననియు, ఆ ముగింపు బయటపడినచో పుస్తకము చప్పబడుననియు ఆ నమ్మకము. మన ఊళ్ళలో అద్దెకు నవలలిచ్చు దుకాణములు వర్ధిల్లిన దినములలో, అపరాధ పరిశోధక నవల చదువుచున్న వానికి హంతకుని పేరు చెప్పివేయుట స్నేహభంగమునకు చాలినంత నేరముగా ఎంచబడెడిది. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ కథలను, మధుబాబుగారి షాడో నవలలను ఇంటిల్లిపాదియు వంతులు వేసికొని చదివిన కుటుంబములకు ఈ సంగతి క్రొత్తగా చెప్పనక్కరలేదు.

ఈ నమ్మకము ఎంతవరకు నిజము? ఈ ప్రశ్నకు 1971వ సంవత్సరములో ఒక ఆంగ్ల నవల విచిత్రమైన జవాబు చెప్పినది. దాని పేరు 'ది డే ఆఫ్ ది జకాల్'. జకాల్ అనగా మన నక్కయే. రచయిత ఫ్రెడరిక్ ఫోర్సైత్. ఫ్రాన్సు దేశాధ్యక్షుడు షార్ల్ డిగాల్‌ను చంపుటకు కిరాయి హంతకుడొకడు 1963లో పూనుకొనుట, పోలీసులు వానిని వెదకి పట్టుకొన జూచుట, స్థూలముగా ఇదియే కథ. అయితే డిగాల్ హంతకుని చేతిలో మరణించిన వాడు కాడు. 1970 నవంబరు 9వ తేదీన, ఎనుబది యేండ్లు నిండుటకు రెండు వారములు మాత్రమే మిగిలియుండగా, కొలంబే గ్రామములో తన ఇంటనే సహజముగా కన్నుమూసెను. కనుక మొదటి పుట తెరచు ప్రతి పాఠకునికిని ముగింపు తెలియును: నక్క ఓడిపోవును. అయినను లక్షలకొలది జనులు నిద్రమాని ఆ పుస్తకమును చదివిరి. ఈ వింతకు కారణమేమో, ఆ నవలపై పాఠకులు వెలిబుచ్చిన మెప్పులును ఆక్షేపణలును ఏమి తెలుపుచున్నవో విచారించుట మా ప్రసంగ విషయము.

ముందుగా కథకు ఆధారమైన చరిత్రను కొంచెము జ్ఞప్తికి తెచ్చుకొందము. ఆఫ్రికా ఖండమునకు ఉత్తరముననున్న అల్జీరియా 1830 మొదలు ఫ్రెంచివారి వశమైనది. అక్కడ స్వాతంత్ర్య సమరము 1954లో ప్రారంభమయ్యెను. అల్జీరియా ఫ్రాన్సులో భాగముగనే నిలిచియుండవలెనని కోరిన సైనికాధికారుల అండతో డిగాల్ 1958లో తిరిగి అధికారమునకు వచ్చెను. కాని కాలము గడచిన కొలది, ఆ దేశమును విడిచిపెట్టక తప్పదని ఆయన గ్రహించెను. 1962 మార్చిలో ఎవియాన్ నగరమున ఒడంబడిక జరిగినది. జూలైలో అల్జీరియా స్వతంత్రమైనది. తమను వంచించినాడని భావించిన సైనికులు కొందరు అంతకు ముందే, 1961లో, ఓ.ఏ.ఎస్. అను రహస్య సంఘముగా ఏర్పడియుండిరి. డిగాల్ ప్రాణమును తీయవలెనని పంతము పట్టిన వారిలో వారు ముఖ్యులు.

1962 ఆగస్టు 22వ తేదీ సాయంకాలమున, పారిస్ శివారున పెతి క్లామార్ అనుచోట డిగాల్ దంపతులు ప్రయాణించుచున్న కారుపై మాటువేసినవారు నూటికి పైగా తూటాలు కాల్చిరి. కారు చక్రముల గాలి పోయినది, అద్దము పగిలినది. సారథి నేర్పువలన లోనివారెవ్వరికిని ప్రాణహాని కలుగలేదు. ఆ కుట్రకు నాయకుడైన బాస్త్యాఁ తిరీ వైమానిక దళమునందలి ఇంజనీరు. ఆయనను 1963 మార్చి 11వ తేదీన తుపాకులతో కాల్చి మరణశిక్ష అమలు జరిపిరి. ఫోర్సైత్ నవల సరిగా ఈ మరణశిక్షతోనే ప్రారంభమగును. ఇంతవరకు చరిత్ర, ఆపైన కల్పన. అయితే ఈ రెంటికిని నడుమ అతుకు ఎచ్చట పడినదో పాఠకునికి కనబడదు. దేశాంతరంగ మంత్రి రోజే ఫ్రే వంటి నిజమైన వ్యక్తులు కల్పిత పాత్రల ప్రక్కనే కూర్చుండి మాటలాడుచుందురు.

ఈ అతుకు కనబడకపోవుటకు రచయిత జీవితమే కారణము. ఫోర్సైత్ 1938లో ఇంగ్లండులోని కెంట్ మండలమున ఆష్‌ఫర్డ్ పట్టణములో జన్మించెను. రాయిటర్ వార్తాసంస్థ ప్రతినిధిగా 1962లో పారిస్‌లో ఉండి, డిగాల్ రాకపోకలను కనిపెట్టి వార్తలు పంపుచుండెను. ఆనాటి పత్రికారచయితలకు అధ్యక్షుని వెంబడించుట నిత్యకృత్యము. ఏ క్షణమున ఏమి జరుగునో యని అందరును కాచుకొనియుండిరి. తరువాత ఫోర్సైత్ బి.బి.సి.లో చేరి, నైజీరియా అంతర్యుద్ధమును చూడబోయి, ఆ సంస్థతో సరిపడక బయటికి వచ్చి, స్వతంత్ర విలేఖరిగా మరల బియాఫ్రా చేరెను. స్వదేశమునకు తిరిగివచ్చునప్పటికి చేతిలో ధనము లేదు, ఉద్యోగమును లేదు. 1970 జనవరిలో టైపు మిషను ముందు కూర్చుండి 35 దినములలో ఈ నవలను ముగించెను. ధనార్జన కొరకే వ్రాసితినని ఆయన దాపరికము లేక చెప్పుచుండెడివాడు. ఇరువది యేండ్లకు పైగా బ్రిటిషు గూఢచార సంస్థయైన ఎం.ఐ.6కు తాను సహాయపడుచుండిన సంగతిని మాత్రము 2015లో వెలువడిన ఆత్మకథతో గాని బయటపెట్టలేదు. 2025 జూన్ 9వ తేదీన ఆయన మరణించెను.

ఇక ఈ నవలకు మొట్టమొదటి పాఠకులెవరు? ప్రచురణకర్తలు. వారిలో పలువురు వ్రాతప్రతిని త్రిప్పిపంపిరి. వారి ఆక్షేపణ మనము ప్రారంభమున చెప్పుకొన్న నమ్మకమే. ఆ ప్రతి వారి చేతికి వచ్చునప్పటికి డిగాల్ ఇంకను జీవించియే యున్నాడు. ఆయనను ఎవ్వరును చంపలేదని లోకమంతటికి తెలియును. అట్టిచో చంపగలరా లేదా అను ప్రశ్నపై నాలుగువందల పుటల కథను నడిపినచో ఎవరు చదువుదురు? ఈ తర్కములో లోపము కనిపెట్టుట సులభము కాదు. తుదకు హచిన్‌సన్ సంస్థ ధైర్యముచేసి, మొదటి ముద్రణగా సుమారు 8,000 ప్రతులు మాత్రము అచ్చువేయించినది. ప్రసిద్ధులు కాని రచయితల నవలలను పెద్దలు విమర్శించువరకు వేచియుండుట లోకరీతి. ఈ పుస్తకమునకు మాత్రము పేరు పాఠకుల నోటిమాటతోనే వ్యాపించినది. 1972లో అమెరికా అపరాధ కథారచయితల సంఘము ఆ యేటి ఉత్తమ నవలగా దీనికి ఎడ్గర్ బహుమానమిచ్చెను. 1973లో ఫ్రెడ్ జిన్నెమన్ దీనిని చలనచిత్రముగా తీసెను. ప్రచురణకర్తల తర్కము సరియైనదే కావచ్చును. పాఠకుని మనస్సు మాత్రము ఆ తర్కమును పాటింపలేదు.

మన తెలుగువారికి ఇందులో ఆశ్చర్యపడవలసినది అంతగా లేదని మాకు తోచుచున్నది. తిరుపతి వేంకటకవుల 'పాండవోద్యోగ విజయములు' ప్రదర్శించునాడు పల్లెలకు పల్లెలు తరలివచ్చెడివి. శ్రీకృష్ణుని రాయబారము ఫలింపదని ఆ సభలో పసివానికి కూడ తెలియును. సంధి పొసగదు, యుద్ధము తప్పదు, కౌరవులు నశింతురు. అయినను రాయబార ఘట్టమునకై తెల్లవారుజాము వరకు చాపలపై కూర్చుండెడివారు. పద్యము ముగియగానే మరల పాడుమని కేకలు వేసెడివారు. బుఱ్ఱకథలో అభిమన్యుడు పద్మవ్యూహమున ప్రవేశించునప్పుడు, బయటికి రాలేడని తెలిసిన తల్లులే కొంగుతో కన్నులొత్తుకొనెడివారు. వారు చూడవచ్చినది ఏమి జరుగునో తెలిసికొనుటకు కాదు. ఎట్లు జరుగునో చూచుటకు.

గూఢచారుల కథయే కావలెనన్నను మన ప్రాచీన వాఙ్మయములో దానికి కొరత లేదు. విశాఖదత్తుని 'ముద్రారాక్షసము' అట్టి నాటకమే. చంద్రగుప్తుడు రాజ్యమేలెనని చరిత్ర తెలిసిన ప్రేక్షకునికి ముందే విదితము. ఆ చంద్రగుప్తుని చంపుటకు నందుల మంత్రి రాక్షసుడు పన్నిన పన్నుగడలన్నియు ఒకటివెంట ఒకటి విఫలమైన తీరును రెండవ అంకములో రాక్షసుని చారుడే వచ్చి చెప్పును. అందొక చిన్న సంగతి మరపురానిది. రాజు పడుకటింటి గోడలలో హంతకులు దాగియుండిరి. చాణక్యుడు ముందుగా ఆ గదిలో ప్రవేశించి చూడగా, గోడ పగులునుండి చీమలు అన్నపు మెతుకులు మోసికొనిపోవుచు కనబడినవి. లోపల మనుష్యులు తినుచున్నారని ఆయన గ్రహించెను. హంతకుల పథకము అంతటితో భస్మమైనది. రాజు బ్రతుకునని మనకు ముందే తెలియును. చీమల సంగతి తెలియదు. ఆ తెలియనిదే ఉత్కంఠ.

ఫోర్సైత్ నవల యంతయు ఇట్టి చీమల బారులతోనే నడచినదని చెప్పవచ్చును. ఓ.ఏ.ఎస్. సంఘమునిండ ప్రభుత్వ వేగులవారు చేరియుండుటచేత, ఆ సంఘమువారు ఏ పథకము వేసినను పోలీసులకు తెలిసిపోవుచుండెను. కావున దాని నాయకుడు, పోలీసు దస్త్రములలో ఎచ్చటను పేరులేని విదేశీయుని ఒకనిని అయిదు లక్షల డాలర్లకు కుదుర్చుకొనును. ఈ మూలసూత్రము ఎంత సహజముగానున్నదో గమనింపుడు. అటుపిమ్మట హంతకుడు చేయు పనులు ఒక్కొక్కటిగా మన ముందు సాగును. గ్రంథాలయములో కూర్చుండి డిగాల్‌ను గురించి చదువును. బ్రస్సెల్సులో తుపాకి చేయువానికి కొలతలు చెప్పి, విడదీసి దాచుటకు వీలైన ఆయుధమును చేయించుకొనును. అడవిలో చెట్టుకు పుచ్చకాయను వ్రేలాడగట్టి గురిచూచి దానిని సవరించుకొనును. పారిస్ వీథులలో తిరిగి ఏ మేడ కిటికీనుండి ఏ చౌకము కనబడునో లెక్కవేయును. ఇందు పరుగులు లేవు, పోరాటములు లేవు. పని మాత్రమే యున్నది.

పుస్తకపు మొదటి భాగము మందకొడిగానున్నదని కొందరు పాఠకులు అభిప్రాయపడుదురు. పుటలకొలది తుపాకి వర్ణన, రైళ్ళ వేళలు, బసల ఏర్పాట్లు, దొంగ కాగితములు. వేగముగల నవల అని విని చేతబట్టినవారికి ఇది విసుగు పుట్టించుట సహజమే. కాని రెండవ భాగమునకు వచ్చునప్పటికి ఈ నిదానమునకు ప్రయోజనము తెలియును. అక్కడ వేటగాడు ప్రవేశించును. అతడు క్లోడ్ లెబెల్, పారిస్ నేరపరిశోధక శాఖలో ఉపాధికారి. ఇక కథ హంతకుని వద్దకు ఒకసారి, లెబెల్ వద్దకు ఒకసారి మారుచు, తేదీతో గంటతో సహా సాగును. లెబెల్ ఒక ఊరికి ఫోను చేయునప్పటికి హంతకుడు ఆ ఊరు విడిచి ఒక రాత్రి అయినది. లెబెల్ కారు సంఖ్యను కనుగొనునప్పటికి కారు మారినది. పేరు కనుగొనునప్పటికి పేరు మారినది. ఇరువురి సంగతియు పాఠకునికి తెలియును, వారికి మాత్రము ఒకరి సంగతి ఒకరికి తెలియదు. మొదటి భాగమున హంతకుడు కూడబెట్టుకొన్న ప్రతి వస్తువును రెండవ భాగమున ఒక్కొక్కటిగా ఖర్చగుచుండును. ఇంకెన్ని మిగిలినవని మనము లెక్కపెట్టుకొనుచుందుము. వేగము మనలో పుట్టినది ఈ లెక్కవలన. నిదానముగా పేర్చిన కట్టెయే త్వరగా అంటుకొనును.

మరియొక ఆక్షేపణ ఇంతకంటె బలమైనది. ఈ నవల పత్రికా నివేదికవలె పొడిగానున్నదనియు, పాత్రలకు అంతరంగము లేదనియు, స్త్రీపాత్రలు కథకు పనిముట్లుగా మాత్రమే వచ్చి పోవుచున్నవనియు పలువురు అన్నారు. మా అభిప్రాయములో స్త్రీపాత్రలను గురించిన మాట నిజము. దానికి సమర్థనము వెదకనక్కరలేదు. ఆనాటి గూఢచారి నవలలలో అధికభాగమునకు ఈ దోషము ఉన్నది. ఇది దానికి మినహాయింపు కాదు. హంతకునికి అంతరంగము లేదన్నమాట మాత్రము వేరొక విధముగా ఆలోచింపదగినది. ఎన్నో పేరులు పెట్టుకొను ఆ మనుష్యుని అసలు పేరు మనకు చివరివరకు తెలియదు. అతని బాల్యము, అతని బాధలు, అతడీ వృత్తిలోనికి దిగిన కారణము రచయిత చెప్పడు. ముగింపు తెలిసిన ఈ కథలో మనిషి మాత్రము తెలియడు. కొందరికి ఇది లోపము. మాకు ఇది ఈ పుస్తకములోని భయమునకు మూలముగా కనబడుచున్నది. కారణము తెలిసిన దుర్మార్గునిపై జాలి పుట్టవచ్చును. ఇక్కడ అట్టి ఆధారమేమియు దొరకదు.

అయినను ఆ హంతకునిపై మనకు ఒక పక్షపాతము కలుగుచున్నది. పాఠకులలో పెక్కుమంది సిగ్గుపడుచు ఒప్పుకొను సంగతి ఇదియే. ఇటలీ సరిహద్దున, వెంటిమిగ్లియా వద్ద, తుపాకి అడుగున దాచియున్న కారు సుంకపు అధికారుల ఎదుట నిలిచినప్పుడు మన గుండె ఎవరికొరకు కొట్టుకొనును? చిక్కిపోవునేమో యని హంతకుని కొరకు. అతడు చంపబోవునది ఒక దేశము ఎన్నుకొన్న నాయకుని. దారిలో అడ్డువచ్చినవారిని, ఏ పాపము నెరుగనివారిని సైతము చంపుటకు వెనుదీయడు. ఇదంతయు తెలిసియుండియే, అతని పని సాగిపోవలెనని ఒక క్షణము కోరుకొందుము. ముగింపు తెలియుటవలన ఈ కోరిక తగ్గదు సరికదా, మరికొంత నిర్భయముగా పెరుగును. డిగాల్ ఎట్లును బ్రతుకునని ఎరిగియున్నాము గనుక, హంతకుని పక్షము వహించుటలో మనకు నష్టము లేదని మనస్సు తనకు తాను సర్దిచెప్పుకొనును.

ఈ పక్షపాతము ఎందువలన కలిగినది? అతని గుణమువలన కాదు, అతని పనితనమువలన. శ్రద్ధగా, నేర్పుగా, ఒక్క మేకును వదలక పనిచేయువానిని చూచినప్పుడు మనుష్యునికి గౌరవము కలుగుట స్వభావము. ఆ పని మంచిదా చెడ్డదా అను ప్రశ్న ఆ గౌరవము వెనుక నిలిచిపోవును. ఇది నవలకే పరిమితమైన సంగతి కాదు. సమర్థుడను పేరుతో అన్యాయము చేయువానిని లోకము మెచ్చుకొనుట మనము నిత్యము చూచుచున్నదే. ఈ పుస్తకము మనకు చేయు మేలు ఏమనగా, ఆ బలహీనతను మన గుండెలోనే మనకు చూపుట. తాను చూపుచున్నానని రచయిత ఎచ్చటను ఉపదేశింపడు. చదివి ప్రక్కన పెట్టిన తరువాత మనమే గ్రహింపవలెను.

పుస్తకము పుటలు దాటి లోకములోనికి వచ్చిన సంగతులను కూడ ఇక్కడ తలపవలెను. నవలలో హంతకుడు, చిన్ననాడే చనిపోయిన ఒక శిశువు పేరుతో పాస్‌పోర్టు సంపాదించును. బ్రిటనులో ఆనాటి పద్ధతులలోనున్న నిజమైన లోపము అది. ఫోర్సైత్ దానిని కల్పింపలేదు. తరువాత ఆ తరహా మోసమునకు ఈ నవల పేరే స్థిరపడినది. ఇంతకంటె విచారకరమైన సంగతి 2013లో బయటపడెను. లండన్ మహానగర పోలీసుశాఖకు చెందిన రహస్యోద్యోగులు కొందరు, ఉద్యమ సంఘములలో మారుపేరుతో చేరుటకు, మరణించిన శిశువుల పేరులను వాడుకొనుచుండిరట. తమలో తాము ఆ పనికి వారు పెట్టుకొన్న పేరు 'జకాల్ రన్'. పోలీసుశాఖ క్షమాపణ చెప్పుకొనవలసి వచ్చినది. పుస్తకములో ఒక ఉపాయముగా చదివి మెచ్చుకొన్నది, బిడ్డను పోగొట్టుకొన్న తల్లిదండ్రులకు ఎట్టి గాయమో అప్పుడు లోకమునకు తెలిసినది.

వెనిజులా దేశీయుడైన ఇలిచ్ రామిరెజ్ సాంచెజ్ అను ఉగ్రవాది కార్లోస్ అను మారుపేరుతో తిరుగుచుండెను. 1975లో లండనులో అతని వస్తువులు దొరికిన ఇంటిలో ఒక విలేఖరి ఈ నవల ప్రతిని చూచెను. నాటినుండి పత్రికలన్నియు అతనిని 'కార్లోస్ ది జకాల్' అని పిలువసాగినవి. నిజమునకు ఆ పుస్తకము అతనిది కాదు, వేరొకరిది. అతడు 1994లో సూడానులో పట్టుబడి ఫ్రాన్సుకు చేర్చబడునప్పటికి ఆ పేరు విడదీయరాకుండ అంటుకొనిపోయినది. హంతకుడు నవల చదివి నేర్చుకొన్నాడని జనులు నమ్మిరి. నవల చదివిన విలేఖరులు హంతకునికి పేరు పెట్టిరనుట సత్యము.

ఇట్టి పుస్తకములు నేరములు నేర్పుచున్నవను ఆక్షేపణకు ఈ రెండు సంగతులును రెండువైపుల సాక్ష్యములు. మా అభిప్రాయములో, లోపమును బయటపెట్టిన వానికంటె, బయటపడిన తరువాతను ఏండ్లతరబడి దానిని సరిదిద్దని వారి బాధ్యత పెద్దది. అయినను రచయితకు బాధ్యతయే లేదనుట న్యాయము కాదు. నిజమైన తాళపుచెవిని కథలో వ్రేలాడదీసినప్పుడు, చదువువారందరును కథకొరకే రారని అతడు తలపవలెను.

ఈ కథను పలువురు పలువిధముల తిరిగి చెప్పిరి. 1988లో మలయాళ భాషలో దీని ప్రేరణతో 'ఆగస్ట్ 1' అను చిత్రము వచ్చినది. మమ్ముట్టి అందు పరిశోధకుడు, హంతకునికి గురియైనవాడు ఒక ముఖ్యమంత్రి. 2024లో ఇదే పేరుతో దూరదర్శన ధారావాహిక వెలువడెను. అందు కాలము నేటి కాలమే. ఈ రూపాంతరములలో డిగాల్ లేడు గనుక గురియైనవాడు బ్రతుకునో చచ్చునో ప్రేక్షకునికి ముందు తెలియదు. ముగింపును దాచు సౌకర్యము వారికి లభించినది. అయినను, ముగింపును దాచుకొనుటకు వీలులేని మూలగ్రంథమే అర్ధశతాబ్దము దాటినను చదువబడుచున్నది. దాచినదానికంటె చూపినదే పాఠకుని కట్టివేయునని చెప్పుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

చివరకు మేము లెబెల్‌ను గురించి ఒకమాట చెప్పదలచితిమి. పాఠకులు హంతకుని తలచుకొన్నంతగా ఈ చిన్న ఉద్యోగిని తలచుకొనరు. అతడు పొట్టివాడు, మెత్తనివాడు, ఇంట భార్య మాటకు ఎదురాడలేనివాడు. మంత్రులు, సేనానులు కూర్చున్న సభలో రాత్రిరాత్రికి వచ్చి, దినమంతయు ఏమి కనుగొనెనో చెప్పుకొని, చీవాట్లు తినిపోవును. ఆ సభలోని రహస్యములు శత్రువులకు చేరుచున్నవని అనుమానము కలిగినప్పుడు, దోషి ఎవరో లెబెల్ పట్టియిచ్చును. ఎవరి ఫోనుపై కన్నువేయవలెనో ఎట్లు తెలిసినదని అడుగగా, తెలియలేదు గనుక అందరి ఫోనులను వినిపించుకొంటినని జవాబిచ్చును. మంత్రుల సభ నిర్ఘాంతపోవును. ఈ ఘట్టమున పాఠకుని పెదవులపై చిరునవ్వు మొలచుటయు, వెంటనే ఒక అనుమానము కలుగుటయు సహజము: రాజ్యరక్షణ కొరకైనను అందరి మాటలను వినుట న్యాయమేనా? నవల ఆ ప్రశ్నను అడుగదు. మనము అడుగవచ్చును.

పనితనములో లెబెల్ హంతకునికి తీసిపోడు. ఇరువురును ఓపికగలవారే, ఇరువురును ఒంటరివారే. ఒకడు ప్రాణము తీయుటకు, ఒకడు ప్రాణము కాపాడుటకు పనిచేయుచున్నారు. భేదము అంతటిలోనే ఉన్నది, ఆ భేదమే సర్వస్వము. మొదటిసారి చదువునప్పుడు మన కన్ను హంతకుని చేతులపై నిలుచును. రెండవసారి చదివినచో లెబెల్ బల్లపైనున్న ఫోనుపై నిలుచును. ముగింపు తెలిసిన పుస్తకమునకు ఉన్న లాభమిది. దానిని మరల చదువవచ్చును.

ఇంట పడుచువారు ఇట్టి నవలలు చదువుచున్నచో పెద్దలు పుస్తకమును లాగికొనవలసిన పనిలేదు. ముగింపు చెప్పిన యెడల కోపింతురేమో యని భయపడవలసిన పనియు లేదు. చదివి ముగించిన తరువాత ఒక్క ప్రశ్న అడిగిన చాలును: సరిహద్దు వద్ద కారు నిలిచినప్పుడు నీవు ఎవరి పక్షమున ఉంటివి? జవాబు ఏదైనను, ఆ మాటలనుండి మంచి సంభాషణ పుట్టును. అటుపిమ్మట లెబెల్ సంగతి తలపెట్టవచ్చును. డిగాల్‌కు తప్పిన ఆ తుది క్షణము ఏ విధముగా తప్పినదో మాత్రము మేము ఇక్కడ చెప్పుట లేదు. తప్పినదని అందరికీ తెలియును. తప్పిన తీరు చదువబోవువారి సొత్తు.